రాజు బల్లయొద్ద మెఫీబోషెతు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ ప్రసంగాన్ని మంచం మీద పడుకొని, తలగడ పక్కన రేడియో పెట్టుకొని వింటున్నవారు కొందరున్నారని నాకు తెలుసు. ఈ రోజు ముఖ్యంగా మీతో మాట్లాడాలని ఉంది. లేచి తిరుగుతున్నవారు కూడా దయచేసి రేడియో కట్టేయకండి. మీతో కూడా ఒక మాట ఉంది. అది కొంచెం కష్టమైన మాట.

మన వాక్యభాగము సమూయేలు రెండవ గ్రంథము 4వ అధ్యాయము 4వ వచనము, తరువాత అదే గ్రంథము 9వ అధ్యాయము. బైబిలు దగ్గరుంటే తెరచి పెట్టుకోండి. కాసేపటిలో అక్కడికి వస్తాను.

హైదరాబాదులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు ఎప్పుడైనా వెళ్లారా? రామానాయుడు స్టూడియో, పద్మాలయా స్టూడియో, ఫిలిం ఛాంబరు అన్నీ ఆ చుట్టుపక్కలే. ఒక పక్క పెద్ద పెద్ద బంగళాలు. ఇంకో పక్క రాతిగుట్టల వాలులో ఇరుకు సందులు, మెట్లు, రేకుల ఇళ్లు. రోడ్డు మీద ఏ పోస్టరు చూసినా హీరోగారు గాలిలో ఉంటారు. మేడ మీద నుండి దూకుతారు, లేస్తారు, దుమ్ము దులుపుకుంటారు. చాలాసార్లు దూకినవాడు వేరు. ఆయన చొక్కా తొడుక్కొని, ఆయన బదులు దూకిన డూపు ఒకడుంటాడు. ఆ డూపు ఇల్లు ఆ వాలు మీది సందుల్లో ఉంటుంది. సినిమాలో పడినవాడు మరుసటి సీనులో లేస్తాడు. ఇంట్లో పడుకున్నవాడికి మరుసటి సీను ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

మీలో పెద్దవారికి నూతన్ ప్రసాద్ గారు గుర్తుండే ఉంటారు. అసలు పేరు తాడినాడ వరప్రసాద్. కైకలూరు వారు. 1980లో బాపుగారు తీసిన 'రాజాధిరాజు' సినిమాలో సాతాను వేషం వేశారు. క్రైస్తవ కుటుంబాలు చాలా చూసిన సినిమా అది. ఆయన మంచి ఊపులో ఉన్న రోజుల్లో, 1989లో, 'బామ్మ మాట బంగారు బాట' అనే సినిమా షూటింగులో ప్రమాదం జరిగింది. పైకి ఎత్తిన కారు కిందపడింది. ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. మళ్లీ నడవలేదు. 2011 మార్చి 30న కన్నుమూసేవరకు, 20 ఏళ్లకు పైగా, చక్రాల కుర్చీలోనే జీవించారు. అయితే ఆయన ఇంటికే పరిమితం కాలేదు. కుర్చీలో కూర్చునే వేషాలు వేశారు. ఈటీవీలో 'నేరాలు ఘోరాలు' కార్యక్రమంలో ఆయన గొంతు ఇంటింటికీ వచ్చింది. కాళ్లు పోయినవాడు కుర్చీలో కూర్చుని పని చేస్తానంటే, పరిశ్రమలో కొందరైనా ఆ కుర్చీ పట్టే వేషం రాసి పిలిచారు. ఆయన మన సంఘస్థుడని నేను చెప్పడం లేదు. లోకస్థులని మనం అనుకునేవారు కుర్చీకి చోటిచ్చారు, మన సంఘాలు ఇచ్చాయా అని మాత్రం అడుగుతున్నాను.

ప్రియులారా, ఈ దెబ్బ గురించి కొంత తెలుసుకుంటే మన ప్రార్థన కూడా తెలివిగలదౌతుంది. నడుము భాగంలో 5 వెన్నుపూసలుంటాయి. పూస అంటే ఎముక. ఆ పూసల మధ్య సొరంగంలో మెదడు నుండి దిగే వెన్నుపాము ఉంటుంది, లావు మన చిటికెనవేలంత. పూస విరిగితే అది ఎముక సంగతి. చాలామందిలో మూడు నెలలకు అతుక్కుంటుంది. పొగ త్రాగేవారికి, షుగరు అదుపులో లేనివారికి ఆలస్యమవుతుంది. కొందరికి అసలు అతకదు, మళ్లీ ఆపరేషను చేయవలసి వస్తుంది. వెన్నుపాము నలిగినా తెగినా ఆ సంగతి వేరు. దాన్ని మునుపటిలా అతికించే మందు ఇంకా రాలేదు. అందుకే "ఎక్సురేలో ఎముక బాగా అతుక్కుందన్నారు, మరి మావాడు ఎందుకు నడవడం లేదు?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఎముక అతికింది, నరం అతకలేదు. అంతే. అక్కడ ఎవరి పాపమూ లేదు, ఎవరి అపనమ్మకమూ లేదు.

ఇంకొక సంగతి. వెన్నుపాము నడుములో మొదటి పూస, రెండవ పూస దగ్గరే అయిపోతుంది. అక్కడి నుండి కిందికి గుర్రపు తోక వెంట్రుకల్లాగా నరాల కట్ట దిగుతుంది. దెబ్బ ఆ కట్టకు తగిలితే కొంత తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కాని ఎంత మెల్లగానో తెలుసా? నరం తిరిగి పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. నడుము నుండి పాదానికి మూడు అడుగులు అనుకోండి, 36 నెలలు. చాలామందిలో అంత దూరం రాకుండానే ఆగిపోతుంది. దేవుడు ఆ నరాన్ని నెలకు ఒక అంగుళం పెరిగేటట్టు చేసి పెట్టాడు. మనమేమో ఒక్క ఆదివారంలో మూడడుగులు కావాలన్నాము.

మనము అన్నాను. నిజానికి నేను అన్నాను. ఆ సంగతి దాచకుండా చెప్పవలసి ఉంది.

సుమారు 15 ఏళ్ల క్రిందట, ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక తమ్ముడు ఉండేవాడు. సినిమాల్లో ఫైటరు. అప్పటికి 26 ఏళ్లు. ఒక షూటింగులో తాడు మీద నుండి పడ్డాడు. కింద అట్టపెట్టెలు, పరుపులు పరిచారు గాని వాటికి ఒక గజం ఇవతల పడ్డాడు. నడుము దగ్గర పూస విరిగింది. ఆపరేషను చేసి కడ్డీలు వేశారు. నాలుగు నెలలైనా కాళ్లలో కదలిక లేదు, తొడల కింద స్పర్శ లేదు. తల్లి నాలుగిళ్లలో పనిచేసి పోషించేది. ఆమె మా సంఘ విశ్వాసి. నన్ను పిలిచింది, వెళ్లాను. ప్రార్థించాను. అక్కడితో ఆగితే బాగుండేది.

నేను ఆగలేదు. మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టించాను. "మూడో రోజు మా తమ్ముడు లేచి నడుస్తాడు" అని సంఘమంతటికీ ప్రకటించాను. దేవుడు నాకు అలా చెప్పాడా? లేదు. నా ఆశను నేను దేవుని మాటగా చెప్పాను. నలుగురు అతణ్ణి మోసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. మూడో రోజు ఇద్దరు చంకల కింద చేతులు వేసి నిలబెట్టారు. నేను "నడువు" అన్నాను. చేతులు వదిలారు. అతడు కూలిపోయాడు.

ఆ తరువాత ఎవరో వెనుక నుండి "విశ్వాసం చాలలేదు" అన్నారు. ఆ మాట అన్నది నేను కాదు. కాని కాదని అనలేదు. ఎందుకంటే ఆ మాట నాకు సౌకర్యంగా ఉంది. తప్పు నాది కాకుండా అతనిది అయిపోయింది.

అతడు మళ్లీ రాలేదు. ఒక నెల తరువాత నేనే వెళ్లాను. గదిలో వాసన. తుంటి దగ్గర పడకపుండు, నా పిడికిలి పట్టేంత. మా దగ్గర మూడు రోజులు గట్టి కుర్చీలో కదలకుండా గంటల తరబడి కూర్చున్నాడు. స్పర్శ లేదు గనుక నొప్పి తెలియలేదు. చర్మం నలిగి, కుళ్లింది. అతని తల్లి కోపంగా కూడా అనలేదు. మెల్లగా అడిగింది: "అయ్యగారూ, వాణ్ణి నేను రాత్రికి నాలుగుసార్లు లేచి తిప్పి పడుకోబెడతాను. ఆ మూడు రోజులు మీ దగ్గర ఎవరు తిప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పుండు మానడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ రాత్రి నేను బైబిలు తెరిస్తే 2 సమూయేలు 4:4 నా కళ్ల ముందుకు వచ్చింది. ఇప్పుడు మీరు కూడా చూడండి. యోనాతానుకు ఒక కుమారుడు. పేరు మెఫీబోషెతు. సౌలు, యోనాతాను చనిపోయారని యెజ్రెయేలు నుండి కబురు వచ్చినప్పుడు వాడికి ఐదేళ్లు. దాది వాణ్ణి ఎత్తుకొని పరుగెత్తింది. ఆ తొందరలో వాడు పడ్డాడు, కుంటివాడయ్యాడు. వాణ్ణి పడేసింది శత్రువు కాదు. ఫిలిష్తీయుడు కాదు. ప్రేమతో ఎత్తుకున్న దాది. కాపాడాలనే ఎత్తుకుంది, తొందరపడి పడేసింది. ప్రియ సేవకులారా, ప్రార్థనవీరులారా, మనం చాలామందిని అలాగే పడేశాము. మన ప్రేమలో అబద్ధం లేదు. మన తొందరలో ఉంది ప్రమాదం.

ఇక 9వ అధ్యాయానికి రండి. ఏళ్లు గడిచాయి. రాజైన దావీదు యోనాతానును బట్టి ఉపకారం చేయుటకు సౌలు ఇంటివారిలో ఎవరైనా మిగిలారా అని అడిగాడు. ఒకడున్నాడు, కాని రెండు కాళ్లూ కుంటివి అని సీబా చెప్పాడు. అయ్యో, ఎలా కుంటివాడయ్యాడు, ఎవరి పాపం అని దావీదు అడగలేదు. ఎక్కడున్నాడు అని మాత్రమే అడిగాడు. లోదెబారులో మాకీరు ఇంట్లో ఉన్నాడని తెలిసింది. రాగలిగితే రమ్మని కబురు చేసి ఊరుకున్నాడా? లేదు. మనుషులను పంపి రప్పించాడు. తన కుమారులతో సమానంగా తన బల్లయొద్ద కూర్చోబెట్టాడు.

ఇప్పుడు ఆ అధ్యాయం ఆఖరి వచనం జాగ్రత్తగా చూడండి. అందులో రెండు సంగతులు ఒకే ఊపిరిలో ఉన్నాయి. మెఫీబోషెతు ఎల్లప్పుడు రాజు బల్లయొద్ద భోజనం చేస్తూ వచ్చాడు. అతని రెండు కాళ్లూ కుంటివే. కాళ్లు బాగుపడ్డాయని అధ్యాయం ముగియలేదు. బాగుపడలేదు గనుక బల్ల దగ్గర చోటు లేదని కూడా ముగియలేదు. కుంటికాళ్లతోనే రాజకుమారుడు. ఈ రెండు సంగతులను కలిపి చెప్పడం మన సంఘాలు నేర్చుకోవాలి. మనం సాక్ష్యమంటే బాగైపోయినవాడి సాక్ష్యమే అనుకుంటాము. బాగుకానివాడికి మైకు ఇవ్వము.

"మరి ప్రభువు స్వస్థపరచడా అయ్యగారూ?" అంటారా? స్వస్థపరుస్తాడు. నేను నమ్ముతున్నాను, ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. కాని యోహాను 5వ అధ్యాయంలో బేతెస్ద కోనేటి దగ్గర ఐదు మంటపాల నిండా రోగులున్నారు. ఆ రోజు ప్రభువు లేపింది 38 ఏళ్లుగా పడియున్న ఒక్కణ్ణి అని వ్రాయబడింది. మిగిలినవారిని నీకు విశ్వాసం చాలలేదని ఆయన గద్దించినట్లు ఎక్కడా లేదు. అపొస్తలుడైన పౌలు ఎందరినో స్వస్థపరచాడు. కాని 2 తిమోతి 4:20 చూడండి, తన జతపనివాడైన త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో విడిచి వచ్చానని వ్రాశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదా? తన శరీరములోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది. గమనించండి, జవాబు రాకపోలేదు. ముల్లు పోకుండా జవాబు వచ్చింది.

మన దేశంలోనే ఒక సాక్ష్యం ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి పేరు తెలియనివారు మనలో తక్కువ. చిత్తూరు, నెల్లూరు వైపు నుండి ఎంతమంది రోగులు అక్కడికి వెళ్తారో మీకు తెలుసు. అక్కడ మేరీ వర్గీసు గారని ఒక యువ డాక్టరమ్మ ఉండేవారు. 1954లో తోటి డాక్టర్లతో కలిసి విహారయాత్రకు వెళ్తుండగా బండి బోల్తాపడింది. వెన్నెముక విరిగి, నడుము కింద చలనం పోయింది. ఆమె కోసం ఆసుపత్రి అంతా ప్రార్థించకుండా ఉంటారా? కాళ్లు రాలేదు. అయితే డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఆమెను ప్రోత్సహించారు. కుష్ఠురోగుల చేతులకు ఆపరేషను కూర్చునే చేయవచ్చు గదా! ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని ఆపరేషన్లు చేశారు. తరువాత అమెరికా వెళ్లి, నడవలేనివారిని తిరిగి బ్రతుకులో నిలబెట్టే వైద్యం నేర్చుకొని వచ్చారు. వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఒక్క మేరీ గారు నడిచి ఉంటే ఎంత సంతోషించేవారమో! నడవని ఆమె చేతుల మీదుగా ఎందరు కుర్చీలోకి, ఊతకర్రల మీదికి, తిరిగి తమ పనిలోకి వెళ్లారో ఆలోచించండి. ఇది తెలిసికూడా, ప్రమాదం మంచిదే అని మాత్రం ఎవరికీ చెప్పకండి. ప్రమాదం ప్రమాదమే. కృప వేరు.

మరి మా తమ్ముడి సంగతి ఏమైంది? నేను అతని దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. అతడు చాలాసేపు గోడ వైపు చూశాడు. తరువాత "అయ్యగారూ, గుడికి మూడు మెట్లున్నాయి. నన్ను మోసుకు రావడం ఆపండి. నేనే వచ్చే దారి చేయండి" అన్నాడు. నేను అతని కాళ్ల కోసం అడుగుతున్నాను, అతడు నా మెట్ల సంగతి అడిగాడు.

మా సంఘంలో ఒక మేస్త్రి అన్న ఉన్నాడు. టేపు పట్టి కొలిచాడు. ఒక్కొక్క మెట్టు 7 అంగుళాలు, మొత్తం ఎత్తు 21 అంగుళాలు. కుర్చీవాడు తన చేతులతో తాను ఎక్కాలంటే ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు వాలు ఉండాలట. అంటే 21 అడుగులు. మాకు ముందు ఉన్న స్థలం 12 అడుగులే. మధ్యలో ఒక మలుపు తిప్పి కట్టాలి, దానికి శంకుస్థాపన రాయి ఉన్న దిమ్మె తీసేయాలి. ఒక పెద్దాయన "ఒక్కడి కోసమా?" అన్నారు. దావీదు కూడా ఒక్కడి కోసమే అడిగాడు గదా అన్నాను. నాలుగు వారాల్లో కట్టాము. మొదటి ఆదివారం ఆ తమ్ముడు ఒక్కడే వచ్చాడు ఆ దారిన. మూడో ఆదివారం మోకాళ్ల నొప్పులున్న మన అమ్మమ్మలందరూ ఆ దారినే వచ్చారు. "ఒక్కడి కోసమా" అన్న పెద్దాయన కూడా ఇప్పుడు కర్ర పట్టుకొని ఆ దారినే వస్తారు.

ఆ తమ్ముడు నేటికీ నడవలేదు. ఇంట్లో చేతితో నడిచే మోటారు కుట్టుమిషను పెట్టుకొని బట్టలు కుడతాడు. కొన్ని రాత్రులు కాళ్లలో మంటలు పుట్టి నిద్ర ఉండదు. అప్పుడు దేవుని మీద కోపం వస్తుందని దాచకుండా చెబుతాడు. ప్రభురాత్రి భోజనము నాడు బల్ల దగ్గర, ముందు వరుసలో అతని కుర్చీకి చోటుంటుంది. ప్రతి ఆదివారం నేను ఆ బల్లను, ఆ కుర్చీని చూసినప్పుడు ఆ ఆఖరి వచనం గుర్తుకొస్తుంది.

సంఘస్థులారా, మీతో కష్టమైన మాట ఉందన్నాను. ఇదే. అటువంటి ఇంటికి వెళ్లినప్పుడు "విశ్వాసం ఉంచు, లేస్తావు" అని చెప్పి రావడం సులువు. దానికి బదులు ఇవి చేయండి. పడుకున్నవాణ్ణి రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఆ తల్లి, ఆ భార్య ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అడిగి, వారానికి ఒక రాత్రి ఆ పని మీరు తీసుకోండి. కుర్చీలో కూర్చున్నవాడు పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి, లేదా ఒక పక్కకు ఒరిగి, బరువు మార్చుకోవాలి. ప్రసంగం మధ్యలో అతడు కదిలితే వింతగా చూడకండి. మెత్తని దిండు లేకుండా కూర్చోబెట్టకండి. రోజూ తుంటి, మడమలు చూడాలి, ఎర్రబడితే ఆ భాగం మీద బరువు వేయకూడదు. మూత్రపు గొట్టం శుభ్రత, వేళకు మూత్రం తీయడం, ఇవి సిగ్గుపడే విషయాలు కావు, ప్రాణం కాపాడే విషయాలు. మందులు, వ్యాయామం ఆపమని ఏ సేవకుడు చెప్పినా వినకండి. నేను చెప్పినా వినకండి. ఇంకొకటి, మీ మందిరం మెట్లు రేపే కొలవండి.

మంచం మీద ఉండి వింటున్న తమ్ముడా, చెల్లీ, నీతో ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఎవరో నిన్ను తొందరలో పడేసి ఉండవచ్చు. నీ విశ్వాసాన్ని నీ కాళ్లతో కొలిచి ఉండవచ్చు. ఆ కొలత దేవునిది కాదు. నెలకు ఒక అంగుళం వచ్చినా ఆయనకు స్తోత్రం. అంగుళం కూడా రాకపోతే అడగడం ఆపకు, ఏడవడం తప్పనుకోకు. కాని రాజు బల్లయొద్ద నీ చోటు నీ కాళ్ల మీద ఆధారపడి లేదు. ఒక నిబంధనను బట్టి ఆ చోటు వచ్చింది. ఆ దినాన యోనాతానును బట్టి, నేడు యేసుక్రీస్తును బట్టి.

ప్రార్థించుకొందాము. కనికరముగల తండ్రీ, ఈ సమయమున పడకల మీద ఉన్న నీ బిడ్డలను చూడుము. నీ చిత్తమైతే ముట్టి బాగుచేయుము. ఆలస్యమైతే తోడుండుము. వారిని తిప్పి పడుకోబెట్టే చేతులకు బలమిమ్ము. వారిని పడేసిన మమ్మును క్షమించుము. మా మందిరాలలో వారికి దారి చేయు మనస్సు మాకు దయచేయుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.